పంచుపట్టీ

సవతి అని ఆడవాళ్లకు ఒక మాట ఉంది. పెళ్లాం మనసు ఇంకొకరి మీదికి మళ్లితే ఆ ఇంకొకరిని మగవాడు ఏమని తిట్టుకోవాలో తెలుగులో మాటే లేదు. విశాఖపట్నంలో ఒక దినపత్రికకు ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దుతున్న నూకరాజు, ఉన్న నిఘంటువులన్నీ తిరగేసి మరీ ఈ సంగతి తేల్చుకున్నాడు. మాట దొరక్కపోవడం ఒక బాధ. ఆ ఇంకొకరు పులి కావడం అంతకు మించిన బాధ. మనిషైతే వీధిలో నిలబెట్టి నాలుగు మాటలు అనొచ్చు. పులిని ఏమంటాడు?

ఇప్పుడు ఆ పులిని చూడ్డానికే భార్యతో కలిసి సముద్రం దాటి దక్షిణాఫ్రికా వచ్చాడు. ఎర్రమట్టి దారిలో జీపు ఎగిరెగిరి పడుతోంది. నడుపుతున్నది డాక్టర్ నోమ్సా. సర్కస్‌ల నుంచి, డబ్బున్నవాళ్ల పెరటి బోనుల నుంచి విడిపించి తెచ్చిన సింహాలకీ పులులకీ చిరుతలకీ నీడనిచ్చే అభయారణ్యం అది. ఆవిడ అక్కడి పశువైద్యురాలు. ఆవిడ పక్కన నూకరాజు భార్య ప్రసూన, కిటికీలోంచి సగం బయటికి వాలిపోయి కూర్చుంది. వెనక సీట్లో పెట్టెల మధ్య నూకరాజు.

"తిండి పూర్తిగా మానేసిందా?" అని ప్రసూన ఇంగ్లీషులో అడిగింది.

"ముట్టుకుని వదిలేస్తోంది. రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్లి గేటు దగ్గర కూర్చుంటోంది. నీడ వదిలి ఆ వేళప్పుడు ఏ పులీ బయటికి రాదు. ఏదో బస్సు కోసం చూస్తున్నట్టు దారి వంకే చూస్తుంది" అంది నోమ్సా.

ప్రసూన కళ్లు చెమ్మగిల్లాయి. 'మొన్న నాకు జ్వరమొస్తే థర్మామీటరు చేతికిచ్చి ఆఫీసుకెళ్లిపోయింది' అనుకున్నాడు నూకరాజు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి మళ్లీ అదే అనుకున్నాడు.

ఈ పులి వాళ్లింట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

ప్రసూన మెదడు శాస్త్రజ్ఞురాలు. ఒక ప్రాణి లోపలి భావాన్ని ఇంకో ప్రాణికి చేర్చే పట్టీని ఆమె ల్యాబు తయారుచేసింది. మాటలు, జ్ఞాపకాలు చేరవు. భయం, నెమ్మది, ఇష్టం, దిగులు, ఇలాంటివే చేరతాయి, వాటి వెంట ఒంటికి పట్టిన అలవాట్లు కొన్ని. సర్కస్‌లో కొరడా దెబ్బలు తిన్న జంతువులకు మనుషుల నెమ్మదిని అందించి భయం పోగొట్టాలని ప్రయోగం. పులి మెడకు ఒక పట్టీ, మనిషి మణికట్టుకు ఒక పట్టీ, మధ్యలో ఆకాశం మీద ఉపగ్రహం. ఇద్దరు మనుషుల మధ్య పెట్టడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. మాటలు తెలిసిన రెండు మనసులు కలిస్తే ఏది ఎవరిదో తేలక చిక్కుపడతాయేమోనని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఈషిత డెంగీతో పోయింది. రెండో తరగతి చదువుతుండేది. ఆ తర్వాత ఒకరోజు ప్రసూన కట్టుచీరతో లాసన్స్ బే దగ్గర సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు కేకలేస్తే నూకరాజు పరుగెత్తి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. ఇంట్లో ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఆమె ల్యాబుకు తిరిగి వెళ్లింది. థాండి అనే ఆడపులికి జతగా తన పేరే ఇచ్చుకుంది. నెమ్మది అన్నది మచ్చుకైనా లేని మనిషి పులికి ఏం నెమ్మది ఇస్తుందని నూకరాజుకు అనుమానం. అయినా వద్దనలేదు. పట్టీకి తెలుగులో ఏం పేరు పెడదామని ఆమె అడిగితే ఎగిరి గంతేశాడు కూడా.

"సంతోషం పంచుకుంటే పెరుగుద్ది, దుఃఖం పంచుకుంటే తరుగుద్ది అంటారు కదా. పంచుపట్టీ అనెయ్యి" అన్నాడు.

ప్రసూన నవ్వింది. కూతురు పోయాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వు తనే తెప్పించానని నూకరాజు వారం రోజులు మురిసిపోయాడు.

మొదటిరోజు ల్యాబులో తెర మీద థాండి రేకుల షెడ్డులో ఓ మూల నక్కి గజగజ వణుకుతోంది. ప్రసూన పట్టీ కట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి పులి వణుకు తగ్గింది. ముందరికాళ్లు చాపుకుని పడుకుంది. ఇక్కడ ప్రసూన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, ఎవరో కొరడా ఝళిపించినట్టు. తర్వాత ఆమె కూడా కుర్చీలోనే నిద్రపోయింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ప్రసూన కోలుకుంది. తిన్నది, పడుకుంది, పనిచేసింది. బుడగ పగిలినా ఉలిక్కిపడేది, మధ్యాహ్నం డాబా మీద నీడలో బద్ధకంగా ఒత్తిగిలేది. అవి పులి వైపు నుంచి వచ్చిన చిల్లర అలవాట్లు. చుట్టాలందరూ గండం గడిచిందన్నారు. ఒక్క నూకరాజుకే ఏదో తేడాగా ఉంది. అదేమిటంటే, ఊఁ లేదు.

నూకరాజు భార్యను పేరు పెట్టి పిలవడు. వాళ్ల తాతకీ తండ్రికీ ఉన్న అలవాటే అతనికీ వచ్చింది. గుమ్మంలోకి రాగానే గొంతు సవరించుకుంటాడు. వంటింట్లోంచి ప్రసూన 'ఊఁ' అనేది. ముక్కుతో, సాగదీసి, చివర్లో కాస్త పైకెత్తి. వచ్చారా, విన్నాను, మీకోసమే చూస్తున్నాను, ఇవన్నీ ఆ ఊఁలో ఉండేవి. ఈషిత ఇద్దరినీ వెక్కిరించేది. తనే గొంతు సవరించి, తనే ఊఁ అని కిలకిలా నవ్వేది. పట్టీ కట్టుకున్న కొన్ని నెలలకు ఆ ఊఁ ఆగిపోయింది. ప్రసూన అతన్ని బాగానే చూసుకునేది. అడిగింది వండేది, పలకరిస్తే నవ్వేది. అద్దె సరిగ్గా ఇచ్చే మంచి అద్దెవాడితో ఇంటావిడ నవ్వినట్టు నవ్వేది. నూకరాజు గుమ్మంలో రెండుసార్లు, మూడుసార్లు గొంతు సవరించి చూశాడు. "దగ్గు మందు తాగండి" అంది ఒకరోజు.

ఆమె ఫోన్లో మాత్రం ఎప్పుడు చూసినా థాండే. "మా థాండి ఇవాళ నీళ్లలో దిగింది" అని చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. నూకరాజు వదిన, "మరిదిగారూ, మీకు నాలుగు కాళ్ల సవతి దాపురించింది" అని ఆటపట్టించింది. అందరితో పాటు అతనూ నవ్వాడు. ఆ రాత్రే నిఘంటువులు తీశాడు.

జీపు ఆగింది. ఎత్తయిన కంచె, దానికవతల గడ్డిమేట, ఒక ముళ్లచెట్టు. ఎండ నడినెత్తిన ఉంది. గేటుకు దగ్గర్లో, ఆ ఎండలోనే, థాండి కూర్చుని ఉంది. ఫోన్లో కనిపించినంత పెద్దగా లేదు. డొక్కలు అంటుకుపోయాయి. నూకరాజు మూడున్నర గంటలు కలిపి మనసులోనే గడియారం లెక్కేశాడు. విశాఖలో ఇప్పుడు ఈషిత స్కూలు బస్సు వచ్చే వేళ. 

"థాండీ" అంది ప్రసూన. రెండు చేతులూ కంచెకు ఆనించింది. "నేనే, థాండీ. వచ్చాను."

పులి తలెత్తి ఆమెను చూసింది. కాసేపు చూసి మళ్లీ దారి వంక తిరిగిపోయింది.

ప్రసూన చిన్నబోయింది. నూకరాజుకు లోలోపల చల్లగా ఉంది. కుళ్లుమోతు సంతోషం అది, అతనికీ తెలుసు. బాగా అయింది, సముద్రాలు దాటి వస్తే పలకరింపైనా లేదు అనుకున్నాడు. దారిలో మింగిన దుమ్ముకు గొంతు పట్టేసింది. అలవాటుగా గొంతు సవరించుకున్నాడు.

థాండి చివాలున లేచింది.

నీరసంతో తూలుతూనే పరుగులాంటి నడకతో కంచె దగ్గరికొచ్చింది. సరిగ్గా నూకరాజు ఎదురుగా నిలబడి చెంప తీగలకేసి రుద్దింది. ముక్కుతో గాలి వదులుతూ 'ఫుర్ర్, ఫుర్ర్' అని మెత్తటి చప్పుడు చేసింది. భయపడి అతను ఒకడుగు వెనక్కేశాడు. పులి అతని వంకే చూస్తూ మళ్లీ ఆ చప్పుడే చేసింది.

నోమ్సా కంచె దగ్గరికి వచ్చి చూసింది. "పులులు తమవాళ్లని అనుకున్నవాళ్లనే అలా పలకరిస్తాయి. నా దగ్గర ఇన్నేళ్లలో ఒక్కసారీ చెయ్యలేదు. ఇది మిమ్మల్ని ఎప్పుడైనా చూసిందా?"

"లేదు" అన్నాడు నూకరాజు.

ప్రసూన కంచె మీది నుంచి చేతులు తీసింది. భర్తనూ పులినీ మార్చి మార్చి చూసింది. ఆ ఫుర్ర్ చప్పుడు ఆమెకు తెలిసినట్టే ఉంది. ఎక్కడ విన్నదో గుర్తొచ్చేసరికి మొహం పాలిపోయింది. అది తన ఊఁ.

ఆసుపత్రి గదిలో ఆమె కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుంది. రెండు పట్టీల గీతలూ తెర మీద ఒకదాని కింద ఒకటి పరుచుకుని ఉన్నాయి. పులి గీతను ఇన్నాళ్లూ భయం తగ్గిందా లేదా అనే చూశారు. తన గీతను దిగులు తగ్గిందా లేదా అనే చూశారు. ఇష్టం సంగతి ఎవరూ చూడలేదు. అది ప్రయోగంలో లేదు.

"దీపంతో దీపం వెలిగించినట్టు అనుకున్నామండి. ఇస్తే మన దగ్గరది తరగదనుకున్నాం" అంది చివరికి.

"మీరు దీపం అనుకున్నారు. నేను పేరు పెట్టింది పంచుపట్టీ అని" అన్నాడు నూకరాజు. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "జామకాయ పంచితే ఏటవుద్ది? ఇచ్చిన ముక్క ఇక మనది కాదు. దుఃఖం తరిగింది, నిజమే. సంతోషం కూడా తరిగిపోయింది. సామెత సగమే నిజం."

నోమ్సాకు ప్రసూన ఇంగ్లీషులో చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచి కొరడా తప్ప ఎరగని ప్రాణి థాండి. దాని లోపల ఇష్టం అనేదానికి చోటంతా ఖాళీయే. పల్లంలోకి నీళ్లు పోయినట్టు ప్రసూనలో ఉన్నదంతా అందులోకి పోయింది. కూతురి మీద దిగులూ పోయింది, మొగుడి మీద ప్రేమా పోయింది. ఎందుకో, ఎవరికోసమో తెలియని ఆ బరువు మోయలేక పులి చిక్కిపోతోంది.

"అయితే ఏం చేద్దాం?" అంది నోమ్సా.

దారులు రెండే. పట్టీలు ఉన్నపళంగా తెంపేస్తే ఎవరి దగ్గరున్నది వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. పులి ఇంకెన్నాళ్లో బతకదు. నూకరాజుకు ఆ ఊఁ ఇక ఈ జన్మకు రాదు. లేదంటే వెనక్కి తోడెయ్యాలి. పులిలో చేరిందంతా ఒక్కపూటలో ప్రసూన మీదికి తిరిగొచ్చేస్తుంది.

"వెనక్కే తోడదాం" అంది ప్రసూన, టీ తెమ్మన్నంత మామూలుగా.

నూకరాజు గుండె ఒక్కసారి ఎగిరింది. నాది నాకొచ్చేస్తుంది అనుకున్నాడు. మరుక్షణం తడిసిన చీర, నోట్లో ఇసుక, గుప్పిట్లో ఆమె జుట్టు గుర్తొచ్చాయి. ముందు సంతోషించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం అతిథుల గుడిసె మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. దూరంగా సింహం ఒకటి గర్జిస్తోంది. ఇన్నాళ్లు దాచుకున్నది నూకరాజు కక్కేశాడు.

"నాకివ్వకుండా పులికిచ్చావు."

"మీకెలా ఇస్తానండి? నేను ఏడుపు మొదలెడితే మీరు పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆదివారం కూడా ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవారు."

"ఏడుస్తుంటే చూళ్లేక."

"అదే. మీదెంతో మీరు చూపించలేదు. నిండుకుండ పక్కన ఇంకో నిండుకుండ పెట్టి ఏటి లాభం అనుకున్నాను." ఆమె ఆగింది. "మీమీద నాకు కోపం లేదు. అదే భయమేస్తోంది. మీమీద నాకేమీ లేదు. మీరు మంచివారని తెలుసు, అంతే. ఇవాళ అది మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు, నేను మరిచిపోయిన పాటేదో దాని నోట విన్నట్టుంది."

 ఇంతకాలం నూకరాజు ఎవర్ని చూసి కుళ్లుకున్నాడు? తన పెళ్లాం మనసు దోచుకున్న పులిలో ఉన్నది తన పెళ్లాం మనసే. అది తన కోసమే గేటు దగ్గరికి లేచి వచ్చింది.

"పులికి కట్టే పట్టీ ఒకటి నాకూ కట్టు. దానిలో ఉన్నది నీమీదికే అంతా ఎందుకు రావాలి? ఇద్దరి మీదికీ రానీ" అన్నాడు.

"మనిషికీ మనిషికీ ఎవరూ పెట్టలేదండి. ఏమవుద్దో నాకే తెలీదు."

"ఇరవయ్యేళ్లు కాపురం చేశాం. ఏది నాదో ఏది నీదో ఇప్పుడు మాత్రం తెలుసా ఏటి?"

మర్నాడు పొద్దున్నే నోమ్సా థాండికి మత్తిచ్చి పడుకోబెట్టింది. అక్కడున్న స్పేరు పట్టీ కూడా పులి మెడకని చేసిందే, నూకరాజు మెడకు వదులైంది. ప్రసూన తోలుకు ఇంకో బెజ్జం పొడిచి, వెనకనుంచి వంగి తనే బిగించింది.

"ముళ్లు మూడుండాలి" అన్నాడు నూకరాజు భయం దాచుకోవడానికి.

"బకిల్ ఒక్కటే ఉంది. సర్దుకోండి" అంది. 

పులి పట్టీని కొద్దికొద్దిగా మూస్తూ వస్తే దానిలో ఉన్నది మిగిలిన ఇద్దరిలోకీ రావాలి. నోమ్సా మీట తిప్పింది.

మొదట వీపు మీద చురుక్కుమంది. కొరడా. తర్వాత ఇనుము వాసన లాంటి భయం. అది పోయాక కాసేపు ఏమీ లేదు, ఇంతేనా అనుకున్నాడు. అప్పుడొచ్చింది. మాటలు లేవు, బొమ్మలు లేవు, పొత్తికడుపులోంచి పైకి తన్నుకొచ్చే ఖాళీ. తొమ్మిది నెలలు మోసిన చోట ఉండే ఖాళీ. మగవాడి ఒంట్లో దానికి చోటే లేదు, అయినా వచ్చి కూర్చుంది. కూతురు పోయిన బాధ తనకు తెలుసనుకున్నాడు ఇన్నాళ్లూ. తనకు తెలిసింది తన భాగమే. నూకరాజు నేల మీదికి ఒరిగిపోయి పులి పక్కనే, పులి లాగే, నాలుగు కాళ్ల మీద గుక్కపట్టి ఏడ్చాడు. అక్కడ పేపరు లేదు అడ్డం పెట్టుకోవడానికి.

చివర్లో ఇంకొకటి వచ్చింది. వెచ్చగా, కొంచెం నవ్వులాటగా, ఇంటికొచ్చేవాడి అడుగుల కోసం చెవి ఒగ్గి ఉన్నట్టుగా. అది ఎవరి కోసమో అర్థమయ్యేసరికి అతనికి సిగ్గేసింది. తన మీద ఒకరికి ఇంత ఉంటుందని అతను ఏనాడూ అనుకోలేదు. ఆ వెచ్చదనం ఒంట్లో నిలవలేదు. కాసేపుండి అటు ప్రసూన మణికట్టు పట్టీ వైపు సాగిపోయింది. ఆపాలనిపించింది, ఆపలేదు.

ఎదురుగా ప్రసూన నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి కూర్చుంది.

"ఏమండీ" అంది. "థాండిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది. గొంతు నులిమేద్దామా అన్నంత కోపంగా ఉంది. ఏటిది?"

"అది నాది" అన్నాడు నూకరాజు కళ్లు తుడుచుకుంటూ. "రెండేళ్లది."

"ఇంతా?" అంది ప్రసూన. ఏడుస్తూనే నవ్వింది. "ఇంత కుళ్లు పెట్టుకుని దగ్గు మందు తాగారా?"

మధ్యాహ్నానికి థాండి లేచింది. మెడ బోసిగా ఉంది. ఎండలోకి వెళ్లలేదు. నోమ్సా వేసిన మాంసం ఎముక మిగలకుండా తిని, ముళ్లచెట్టు నీడలో వెల్లకిలా పడుకుంది. మిగతా జంతువుల మెడ పట్టీలు కూడా విప్పించాలని, ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో కనుక్కోవాలని ప్రసూన ల్యాబుకు ఫోన్లు చేసింది. అవతల ఎవరో గట్టిగానే అరిచారు. ఆమె విని, చెప్పాల్సింది మళ్లీ చెప్పి పెట్టేసింది.

స్కూలు బస్సు వేళయింది. కంచె దగ్గర నిలబడి ఇద్దరూ ఒకేసారి దారి వంక తిరిగారు. దారిలో ఏమీ లేదు, ఎర్ర దుమ్ము తప్ప.  నూకరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకోవాలో ఇప్పుడు అతనికి తెలుసు. ఆ వేళ గడిచేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

అక్కణ్నుంచి కదిలే ముందు ఆశ చావక అతను పులి వంక తిరిగి గొంతు సవరించాడు. థాండి చెవి కూడా కదపలేదు. తోకతో ఈగను తోలుకుని మళ్లీ కళ్లు మూసుకుంది. నూకరాజు మనసు చివుక్కుమంది. నిన్నటిదాకా ఏ పులిని చూసి కుళ్లుకున్నాడో ఆ పులే ఇవాళ తనను మరిచిపోయిందని బాధపడ్డాడు.

సాయంత్రం నోమ్సాకు సాయంగా పెట్టెలు జీపులో సర్ది, గుడిసె మెట్లెక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మెడలో పట్టీ ఇంకా ఉంది. విప్పడం ఎప్పుడో తర్వాత ఆలోచిద్దామని ఇద్దరూ అనుకున్నారు. చేతిలో పాత పేపరు చుట్ట ఉంది, పెట్టెలో చెప్పుల కింద వేసింది. గుమ్మంలో ఆగి, ఏమీ ఆలోచించకుండానే గొంతు సవరించుకున్నాడు.

లోపల్నుంచి జవాబొచ్చింది.

"ఊఁ."

ముక్కుతోనే, సాగదీసే, చివర్లో కాస్త పైకే ఎత్తింది. అయితే ఆ ఊఁ తడిసి ఉంది. చాలాసేపట్నుంచి ఏడుస్తున్న మనిషి ముక్కు ఎగబీల్చి అన్న ఊఁ అది. నూకరాజు పేపరు చుట్ట మెట్ల మీద పడేసి లోపలికెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.